కుర్చీకి వయసు చాల్లేదు

సోంపేట రైల్వే స్టేషన్ సోంపేటలో ఉండదు, కంచిలిలో ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు అక్కడ దిగి తెల్లమొహం వేస్తారు. మాకు మాత్రం నిక్కర్లు వేసుకునే రోజుల్లోనే ఒక సత్యం బోధపడింది: బోర్డు మీద ఊరు ఒకటి, కాళ్ల కింద ఊరు ఇంకొకటి. అందుకే మొన్న హైదరాబాద్ శివార్లలో ఒక పెద్ద గేటు మీద 'మీ వాళ్లందరి మధ్య, మీ ఇంట్లోనే' అని ఇత్తడి అక్షరాలు కనిపిస్తే నేనేమీ మురిసిపోలేదు. మురిసింది మా చిన్నమ్మ.

చిన్నమ్మకి 72. ఇద్దరు కొడుకులు. చిన్నవాడు న్యూజెర్సీలో కంప్యూటర్ ముందు కుర్చీలో ఉంటాడు. పెద్దవాడు బారువ దగ్గర వాళ్ల ఊళ్లో, వీధరుగు మీద, చక్రాల కుర్చీలో ఉంటాడు. పుట్టగానే ఏడవలేదట. సెరిబ్రల్ పాల్సీ అనే మాట మేం మొదట చూసింది వాడికి ముప్పయ్యేళ్లు వచ్చాక, వైకల్యం కొలిచి ఇచ్చే సదరం సర్టిఫికెట్ మీద. అప్పటిదాకా వాణ్ణి పెద్దోడు అనేవాళ్లం. ఆ తర్వాత కూడా అలాగే అంటున్నాం. మా చిన్నాన్న, మా ఉద్దానం ప్రాంతంలో చాలామంది మగవాళ్లు పోయినట్టే, కిడ్నీలు పాడై పోయాడు. తల్లికి వితంతు పింఛను 4 వేలు, కొడుక్కి వికలాంగుల పింఛను 6 వేలు. నెల మొదటి తారీఖున ఆ అరుగు మీద పది వేల రూపాయల సామ్రాజ్యం.

న్యూజెర్సీవాడికి అమ్మ మీద బెంగ. బెంగ ఉన్నవాళ్లకి ఇంటర్నెట్‌లో అన్నీ దొరుకుతాయి. సీనియర్ సిటిజన్ కమ్యూనిటీ దొరికింది. రంగురంగుల బ్రోచర్ వచ్చింది. అందులో తెల్లజుట్టు దంపతులు ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని చెరువు వైపు చూస్తున్నారు. ఆ జుట్టు తెల్లదే గానీ మొహాలకి నలభై దాటి ఉండవు. అంటే బొమ్మల్లో వాళ్లకే ఆ గేటులో ప్రవేశం లేదన్నమాట. ఈ సంగతి నాకు తిరుగు రైల్లో గాని తట్టలేదు.

ముగ్గురం చూడ్డానికి వెళ్లాం. అక్కడి మేనేజరు మంచి మర్యాదస్తుడు. ముప్పై దాటి ఉండవు. 55 లోపు వాళ్లు ఉండకూడని చోట రోజుకి పన్నెండు గంటలు ఉండేది ఈ ముప్పయ్యేళ్ల వాళ్లే, అది వేరే సంగతి. మా కుర్చీని చూడగానే అతని మొహం వెలిగిపోయింది. "మన ప్రాంగణమంతా వీల్‌చైర్‌కి అనుకూలమే అమ్మగారూ, ఎక్కడా ఒక్క మెట్టు ఉండదు" అన్నాడు. నిజమే. గడపలు లేవు. తలుపులు వెడల్పు. గోడల పొడుగునా పట్టుకోడానికి కడ్డీలు. స్నానాలగదిలో జారని టైల్సు, లిఫ్టులో స్ట్రెచర్ పట్టేంత చోటు.

మా పెద్దోడు పుట్టి బుద్ధెరిగాక ఒక ఇంట్లోకి ఎవరూ ఎత్తకుండా వెళ్లడం అదే మొదలు. హాల్లోంచి వంటగదికి, వంటగదిలోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి మళ్లీ హాల్లోకి నాలుగుసార్లు తిరిగాడు. ఐదోసారి స్నానాలగదిలోకి వెళ్లి తలుపు తనే వేసుకున్నాడు. చిన్నమ్మ కంగారుపడి "ఒరే, ఏటైంద్రా" అంది. లోపల్నుంచి జవాబు లేదు, నవ్వు వినిపించింది. నలభై మూడేళ్ల మనిషి, తలుపేసుకుని, ఒక్కడే ఒక గదిలో ఉన్నందుకు నవ్వుకుంటున్నాడు. మేం ముగ్గురం బయట నిలబడ్డాం. ఆ కాసేపట్లో మేనేజరు ఫారం తీశాడు.

"ఉండేది మీరొక్కరేనా అమ్మగారూ?"

"ఒక్కదాన్నేటి బాబూ, మేవిద్దరం."

"బాబుగారి వయసు?"

"నలభై మూడు ఎలిపోయి నాలుగో నెల."

పెన్ను ఆగింది. ఆ తర్వాత జరిగిందంతా చాలా మర్యాదగా జరిగింది. మంచినీళ్లిచ్చారు. టీ ఇచ్చారు. నిబంధనల పుస్తకం తెచ్చి, వేలు పెట్టి చూపించారు. కొనుగోలుదారుకి 55 నిండాలి. జీవిత భాగస్వామికి కొంచెం సడలింపు. మిగతా బంధువులు అతిథులుగా రావచ్చు, మూడు నెలలకి 15 రోజులు. వాళ్లు వికలాంగులైతే? పుస్తకంలో ఆ మాట లేదు. అలాంటి మనుషులు ఉంటారని రాసినవాళ్లకి తట్టనే లేదు కాబట్టి కాదనడానికి కూడా ప్రత్యేకంగా ఒక లైను పెట్టలేదు.

నేను అడిగాను: "మరి ఈ ర్యాంపులు, కడ్డీలు ఎవరి కోసమండీ?"

"మన సీనియర్ల కోసం సార్. రేపు మోకాళ్లు అరగొచ్చు, పక్షవాతం రావచ్చు."

అర్థమైంది. అరిగిన మోకాలికి స్వాగతం. పుట్టుకతోనే నడవని కాలికి వయసు సర్టిఫికెట్ కావాలి. కుర్చీ ఒకటే, చక్రాలు అవే. అయితే ఆ కుర్చీలోకి 55 ఏళ్లు నడిచి వచ్చి కూర్చోవాలి.

చిన్నమ్మ బేరాలాడటంలో గట్టిది. సోంపేట సంతలో జీడిపిక్కల బస్తా అమ్మేటప్పుడు ఆమె ముందు షావుకార్లకి చెమటలు పట్టేవి. "పోనీ, పనిమనిషి ఉండొచ్చా బాబూ?" అంది. ఉండొచ్చట. అటెండెంటుకి వయసు నిబంధన లేదు. ఇరవై రెండేళ్ల ఒరిస్సా కుర్రాడు ఆ ఇంట్లోనే, ఆమె పక్కగదిలోనే, ఏడాదంతా పడుకోవచ్చు. "అయితే ఈడ్ని నా పనోడని రాసీ." మేనేజరు పాపం నిజాయితీగా పుస్తకం తిరగేశాడు. అటెండెంటుకి శారీరక దారుఢ్యం ఉన్నట్టు డాక్టరు సర్టిఫికెట్ తేవాలట.

అంటే, తల్లితో ఉండాలంటే వాడు ముసలివాడన్నా కావాలి, పనివాడన్నా కావాలి. కొడుకు కావడం ఒక్కటే కుదరదు.

చివరికి మేనేజరే లెక్కవేసి ఒక దారి చూపించాడు. వాడికి 55 రావాలంటే ఇంకా 12 ఏళ్లే. చిన్నమ్మకి అప్పటికి 84. "అప్పుడు ఇద్దరికీ ఏ అడ్డూ ఉండదు అమ్మగారూ." ఆ మాట అతను వెటకారంగా అనలేదు, ఊరడింపుగానే అన్నాడు. అందుకే మరీ భయం వేసింది.

లిఫ్టు దగ్గర ఒక పెద్దాయన మమ్మల్నే చూస్తూ నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పేపరు, పెద్ద ఉద్యోగమేదో చేసి దిగిన వాలకం. పెద్దోణ్ణి చూసి, చుట్టూ ఒకసారి చూసి, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి "బాబుకి ఎన్నేళ్లండీ?" అన్నాడు. చెప్పాను. "మా అమ్మాయికి 36. డౌన్ సిండ్రోమ్. హాస్టల్లో పెట్టాం. ఆదివారాలు వెళ్తాం." లిఫ్టు వచ్చింది. ఎక్కలేదు. "ఇక్కడెవరికీ చెప్పలేదండీ" అన్నాడు. ఆ బ్రోచర్ అట్ట మీద భుజాన తల ఆన్చుకున్న జంట ఎవరా అనుకున్నాను. వీళ్లే కావచ్చు.

చట్టం ఏమంటోందో చూద్దామని ఇంటికొచ్చి కూర్చున్నాను. చట్టాలకేం, గోదాముల నిండా ఉన్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 9వ సెక్షన్ చక్కటి మాట చెబుతుంది: వైకల్యం ఉన్న బిడ్డను ఆ కారణంతో తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదు, చేయాలంటే కోర్టు ఉత్తర్వు ఉండాలి. బిడ్డ అంటే 18 లోపు. 18వ పుట్టినరోజు నాడు కేకు కోసి ఆ సెక్షన్ సెలవు తీసుకుంటుంది. ఇక 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం. అందులో 60 నిండితే వయోవృద్ధులు. అంటే 18 దాకా తల్లీబిడ్డల్ని విడదీయడం నేరం, 60 తర్వాత ఇద్దరూ ఒకే ఆశ్రమంలో పక్కపక్క మంచాలు వేసుకోవచ్చు. మధ్యలో 42 ఏళ్లు మాత్రం ఎవరి దారి వాళ్లది.

అదే 2016 చట్టంలో 5వ సెక్షన్ ఇంకా అందంగా ఉంటుంది. వికలాంగులకి నలుగురితో కలిసి సమాజంలో బతికే హక్కు ఉంది, ఫలానా చోటే ఉండాలని వాళ్లని ఎవరూ నిర్బంధించకుండా ప్రభుత్వం ప్రయత్నించాలి. ప్రయత్నించాలి అన్న మాట గమనించండి. మా ఊళ్లో పెళ్లిచూపులకి వచ్చి వెళ్లేవాళ్లు కూడా ఇలాగే అంటారు, ప్రయత్నిస్తామండీ అని.

2007 చట్టం 19వ సెక్షన్‌లో మరో ముచ్చట. దిక్కులేని వృద్ధుల కోసం రాష్ట్ర ప్రభుత్వం జిల్లాకి కనీసం ఒక వృద్ధాశ్రమం, కనీసం 150 మందికి సరిపడేది, దశలవారీగా పెట్టవచ్చు. పెట్టాలి అని లేదు, పెట్టవచ్చు. ఒక్క 'వచ్చు'లో ఎన్ని మంచాలు మాయమయ్యాయో. సరే, పెట్టారే అనుకోండి. మా చిన్నమ్మకి మంచం దొరుకుతుంది, మా పెద్దోడికి గేటు దొరుకుతుంది.

పోనీ వాణ్ణి వికలాంగుల గృహంలో చేర్చుదామా? 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం సరిగ్గా ఇలాంటివాళ్ల కోసమే వచ్చింది: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు. దాని కింద ఘరౌందా అని ఒక పథకం, పెద్దవాళ్లైన వికలాంగులకి జీవితాంతం నీడ ఇవ్వాలని. మంచిదే. దానికి తల్లి పనికిరాదు. ఆమెకి ఏ వైకల్యమూ లేదు, వయసు ఒక్కటే ఉంది. ఒక గేటు దగ్గర కొడుక్కి వయసు చాల్లేదు, ఇంకో గేటు దగ్గర తల్లికి వైకల్యం చాల్లేదు. అదృష్టం బాగుండి చిన్నమ్మ స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగితే అప్పుడు మళ్లీ ఆలోచించవచ్చు.

తమాషా ఏమిటంటే మన రాష్ట్రంలో ఈ ఇద్దరినీ చూసేది ఒకే శాఖ. విభిన్న ప్రతిభావంతులు, హిజ్రాలు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ. బోర్డు మీద అందరూ చక్కగా భుజాలు రాసుకుంటూ ఉంటారు. ఒకే బీరువాలో ఒక అరలో ముసలమ్మల ఫైళ్లు, పై అరలో కుంటివాళ్ల ఫైళ్లు. కాగితాలు ఒక కప్పు కింద ఏళ్ల తరబడి కాపురం చేస్తున్నాయి. మనుషులకే కుదరడం లేదు. ఇక ఆ 'విభిన్న ప్రతిభావంతులు' అన్న పేరొకటి. మా పెద్దోడికి ఆ మాట చదివి వినిపిస్తే "అంటే నానేటి సెయ్యగల్ను?" అని అడిగాడు. నాకు జవాబు తెలీలేదు. పేరులో ప్రతిభ పెట్టినవాళ్లు గదిలో మంచం కూడా పెట్టి ఉంటే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి.

రాత్రి న్యూజెర్సీ నుంచి ఫోను. తమ్ముడు కోపంతో ఊగిపోతున్నాడు. అక్కడి చట్టాలు తిరగేసి పెట్టుకున్నాడు. ఇళ్ల విషయంలో వివక్ష కూడదని అమెరికా 1968లో చట్టం చేసింది, 1988లో అందులోకి వికలాంగుల్ని చేర్చింది. వాళ్ల కోసం నిబంధనల్ని సబబైన మేరకు సడలించాలంది. 55 దాటినవాళ్ల కాలనీలకి 1995లో ఇంకో చట్టం: మనుషులున్న ఇళ్లలో నూటికి 80 ఇళ్లలో, ఇంటికి ఒక్కరికి 55 నిండితే చాలు. ఇంటికి ఒక్కరు! మిగతావాళ్ల పుట్టినతేదీలతో ఆ చట్టానికి పని లేదు. కాలిఫోర్నియా మరో అడుగు వేసింది. అక్కడి సివిల్ కోడ్ 51.3 సెక్షన్‌లో, వైకల్యం వల్ల పెద్దవాళ్లతో కలిసి ఉండాల్సిన కొడుకో కూతురో మనవడో మనవరాలో వాళ్ల కాలనీలో ఉండవచ్చని రాసే ఉంది. అక్కడా పేచీలుంటాయి, కోర్టుకెక్కేవాళ్లుంటారు. కానీ కోర్టులో చూపించడానికి ఒక లైను ఉంది.

"మన దగ్గర ఏముంది అన్నయ్యా?" అన్నాడు.

మన దగ్గర సంస్కృతి ఉంది. మాతృదేవోభవ ఉంది. శ్రవణకుమారుడు ఉన్నాడు. అతని కావడి ఇప్పుడు ఆ గేటు దగ్గరికొస్తే సెక్యూరిటీ ఏమంటాడో ఊహించండి: గుడ్డివాళ్లైన పెద్దలిద్దరూ లోపలికి రావచ్చు, మోసుకొచ్చిన కుర్రాడు కావడి ఇక్కడ దించి విజిటర్స్ రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి.

చట్టం సంగతికొస్తే, ఈ వయసు గేట్ల మీద పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టమేదీ లేదు. బిల్డరు రాసిన ఒప్పందమే వేదం. కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో రిటైర్మెంట్ హోమ్‌లకి నమూనా మార్గదర్శకాలు విడుదల చేసింది. నమూనా అంటే పెళ్లిళ్లలో అద్దాల పెట్టెలో పెట్టే పెద్ద లడ్డూ లాంటిది. చూసి మెచ్చుకోవాలి, చెయ్యి పెట్టకూడదు.

"డబ్బున్నవాళ్ల గేట్ల గొడవ మనకెందుకు, సర్కారు కాలనీ ఉంది కదా" అని మా ఊరి మేధావి ఒకాయన సలహా. ఉంది. దాని లెక్క కూడా తీద్దాం. ఇళ్ల పథకాల్లో 5 శాతం వికలాంగులకి కేటాయించాలని అదే 2016 చట్టం, 37వ సెక్షన్. 2020 క్రిస్మస్ నాడు రాష్ట్రమంతా పట్టాలు పంచారు, పల్లెల్లో సెంటున్నర. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. వానకి నీళ్లు రాకుండా పునాది రెండడుగులు లేపారనుకోండి. కుర్చీ ఎక్కాలంటే వాలుదారి కావాలి. ప్రమాణం ఒకటికి పన్నెండు, అంటే రెండడుగుల ఎత్తుకి 24 అడుగుల పొడుగు. సెంటున్నర స్థలం చతురస్రంగా ఉంటే ఒక్కో వైపు పాతికన్నర అడుగులు. అంటే స్థలం ఈ చివర మొదలుపెట్టిన వాలుదారి ఆ చివర తేలుతుంది. ప్రభుత్వం పెద్దోడికి వాలుదారికి సరిపడా స్థలం కచ్చితంగా ఇచ్చింది, కాదనకూడదు. ఎక్కి వెళ్లాల్సిన ఇల్లు ఎక్కడ పెట్టుకోవాలన్నదే మిగిలింది. ఇప్పుడు పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామంటున్నారు. వాలుదారి మలుపు తిరగడానికి చోటు దొరికినట్టే.

కొలతల పుస్తకం మీద నాకు గౌరవం లేదనుకోకండి. చక్రాల కుర్చీ ఒక చుట్టు తిరగడానికి మీటరున్నర వలయం కావాలని, తలుపు 900 మిల్లీమీటర్లు ఉండాలని చక్కగా రాశారు. ఎటొచ్చీ, ఆ పుస్తకాల్లో రాసినవన్నీ సిఫారసులే తప్ప తప్పనిసరి కావన్నట్టు నడిచింది కథ. 2024 నవంబర్‌లో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు వాటిని సిఫారసులుగానే వదిలేసిన నిబంధనను తప్పుబట్టి, మూడు నెలల్లో కచ్చితమైన నియమాలు చెయ్యమంది. ఇక నియమాలున్నా కుర్చీ తిరగడానికి నేల ఉండాలిగా. భూమి విషయంలో మాకు ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు 2010 జూలై 14న పోలీసు తూటాలకి మనుషుల్ని పోగొట్టుకున్న ఊరు మాది. ఆ బీల నిలిచింది. అందులో కుర్చీ తిరిగేంత మీటరున్నర జాగా మా పెద్దోడి పేరు మీద లేదంతే.

వైకల్యం శాతం గొడవ మరొకటి. 40 ఉంటే ఒక మనిషి, 39 అయితే ఇంకో మనిషి. 2025 జనవరి నుంచి పింఛను తీసుకునేవాళ్ల వైకల్యాన్ని మళ్లీ కొలిచారు, ఆగస్టుకల్లా ఎంతోమందికి నోటీసులెళ్లాయి. దొంగ సర్టిఫికెట్లు లేవని నేననను, ఉన్నాయి. కానీ పెద్దోణ్ణి ఆటోలో అడ్డంగా పడుకోబెట్టి తీసుకెళ్లిన రోజున చిన్నమ్మ అడిగింది ఒక్కటే: "కాలు మొలిసిందేమో సూడ్డానికేటి బాబూ, ఇంత దూరం తెమ్మన్నారు?"

ఇక మా ఉద్దానం ప్రత్యేకత. చట్టంలో వైకల్యాలు 21. తలసేమియా ఉంది, హీమోఫీలియా ఉంది, సికిల్ సెల్ ఉంది, పార్కిన్సన్స్ ఉంది. కిడ్నీ లేదు. సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస చుట్టుపక్కల పొలం పని చేసుకునే మగవాళ్లు, నిన్నటిదాకా కొబ్బరిచెట్టు ఎక్కినవాళ్లు, నలభైల్లో యాభైల్లో మంచానికి అంటుకుపోతున్నారు. కారణం ఇదీ అని శాస్త్రం ఇప్పటికీ తేల్చలేదు. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ మీద ఉండే 47 ఏళ్ల మనిషికి సంచి మొయ్యడానికి, అన్నం కలిపి పెట్టడానికి 75 ఏళ్ల తల్లే గతి. అతను ముసలివాడు కాదు, 47. వికలాంగుడు కాదు, జాబితాలో లేదు. ఆరోగ్యవంతుడా అంటే రక్తం ఒంట్లో కంటే యంత్రంలోనే ఎక్కువ తిరుగుతుంది. పదివేల పింఛను ఇస్తున్నారు, మంచిదే. ఏ గేటు దగ్గరా ఆ మనిషికి సరిపోయే గడి ఫారంలో లేదు. ఇంతకీ మా చిన్నాన్న ఆఖరి రెండేళ్లూ అంతే. మంచం మీద ఆయన, కుర్చీలో పెద్దోడు, మధ్యలో చిన్నమ్మ. ఆ ఇంటిని ఏ ఆశ్రమంలో చేర్చాలో నన్నడిగితే, చేర్చక్కర్లేదు, అదే ఆశ్రమం.

అందుచేత ఆ హైదరాబాద్ గేటుకి పోటీగా మేమే ఒక కమ్యూనిటీ ప్రకటిస్తున్నాం. ఏ బిల్డరూ కట్టలేదు, వలసలు కట్టాయి. పేరు ఉద్దానం. అంటే ఉద్యానవనం. 55 దాటినవాళ్ల ప్రశాంతతకి మాది పూచీ. అంతకంటే చిన్నవాళ్లు హైదరాబాద్, ముంబై, గల్ఫ్, న్యూజెర్సీల్లో ఉంటారు, సంక్రాంతికి మాత్రమే కనిపిస్తారు. మూడు నెలలకి 15 రోజుల అతిథి నిబంధన మేం రాయకుండానే ఇంతకంటే కఠినంగా అమలవుతోంది. బారువలో సముద్రానికి ఎదురుగా సాయంకాలాలు. కొబ్బరి, జీడి, పనస తోటలతో ల్యాండ్‌స్కేపింగ్. దాన్ని 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఉచితంగా మార్చి ఇచ్చింది. ఆరోగ్య సదుపాయాలు నడిచివెళ్లే దూరంలో: సోంపేటలో డయాలసిస్, కవిటిలో డయాలసిస్, హరిపురంలో డయాలసిస్, పలాసలో 2023 డిసెంబర్‌లో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి. హిరమండలం నుంచి 700 కోట్ల పైపుల్లో తాగునీరు, వచ్చినప్పుడు. వికలాంగులైన కొడుకులకి, కూతుళ్లకి, తమ్ముళ్లకి, మేనకోడళ్లకి వయసుతో పనిలేకుండా ప్రవేశం. ఎందుకంటే అడిగేవాళ్లెవరూ ఇక్కడ లేరు.

చరిత్ర కూడా ఉందండోయ్. సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో కెనడా డాక్టరు బెన్ గలిసన్ కళ్ల ఆపరేషన్లు చేసేవాడు. ఆయన ఆసుపత్రికి సాయం పోగుచేద్దామని 1963లో కాల్గరీలో మొదలుపెట్టిన పనే ఆపరేషన్ ఐసైట్ అనే అంతర్జాతీయ సంస్థ అయింది. కళ్లు కనిపించనివాళ్లు ఒంటరిగా వస్తారా? చెయ్యి పట్టుకుని ఎవరో ఒకరు తీసుకొచ్చే ఉంటారు. ఆ పట్టుకొచ్చిన చేతికి ఎన్నేళ్లని అక్కడ ఎవరైనా అడిగారని నేను వినలేదు.

ఆ గేటువాళ్లు, తమ్ముడు ముందే కట్టిన అడ్వాన్సులో కొంత కోసుకుని మిగతాది వాడి ఖాతాలో వేశారు. బ్రోచర్ మాత్రం మంచి దళసరి కాగితం. చిన్నమ్మ దాన్ని నీళ్లబిందె మీద మూతగా పెట్టింది. ఆ తెల్లజుట్టు జంట ఇప్పుడు చెరువుకి బదులు మా చిన్నమ్మ వంటింట్లో పొయ్యి వైపు చూస్తోంది.

మొన్న పొద్దున నేను వెళ్లేసరికి పెద్దోడు అరుగు మీదే ఉన్నాడు. వాడి డ్యూటీ అది. వీధి కుళాయి ఎప్పుడొస్తుందో ఆ వీధిలో ఎవరికీ తెలీదు. వాడికి తెలుసు. పైపులో ముందు గాలి కొడుతుంది, బుస్సుమని. అది వాడికి అరుగు మీదికి వినిపిస్తుంది. వాడు కేకేస్తేనే ఎనిమిది ఇళ్ల ఆడవాళ్లు బిందెలతో వస్తారు. చిన్నమ్మ బీపీ మాత్ర టైము కూడా వాడి దగ్గరే ఉంటుంది. ఆమెకి మతిమరుపు మొదలైంది.

న్యూజెర్సీ ఫోను స్పీకర్‌లో ఉంది. "అమ్మా, మళ్లీ వాళ్లతో మాట్లాడాను. నీ ఒక్కదానికైతే రేపే తాళాలిచ్చేస్తారట. అన్నయ్యకి వేరే చోట చూద్దాం."

"నా ఒక్కదానికా?" అంది చిన్నమ్మ, నిజంగానే ఆశ్చర్యపోయి. "మరక్కడ నన్నెవలు సూత్తార్రా?"

అవతలివాడు ఏదో చెప్పబోయాడు. ఇంతలో అరుగు మీంచి కేక పడింది. "అమ్మా, నీలొచ్చీసినాయి!"

చిన్నమ్మ ఫోను నా చేతిలో పెట్టి, బిందె మీద మూత తీసి పక్కన పడేసి, కుళాయి దగ్గరికి పరిగెత్తింది.